బడి మానేస్తున్న పిల్లలు.. హెచ్ఎం ముందే ఏం చేయొచ్చు?

పిల్లలు ఒక్కరోజులో బడి మానేయరు. ముందు వారానికి రెండు రోజులు రారు, తర్వాత వారమంతా రారు. చివరికి రిజిస్టర్‌లో పేరు మాత్రమే మిగులుతుంది. అందుకే హెచ్ఎం ఏ వారం హాజరు ఆ వారమే చూసుకోవాలి.

ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో హాజరు ఎప్పుడు పడిపోతుందో టీచర్లకు తెలిసిందే. గద్వాల వైపు సీడ్ పత్తిలో క్రాసింగ్ పనులు, నల్గొండలో పత్తి ఏరడం, నారాయణపేట వైపు తల్లిదండ్రుల వలస.. ఇవే ప్రధాన కారణాలు.

మరి ఏం చేయాలి?

- మూడు రోజులు రాకపోతే ఇంటికి ఫోన్ చేయాలి. వారం దాటితే స్వయంగా వెళ్లాలి.

- వలస కుటుంబాలతో దసరా సెలవులకు ముందే మాట్లాడాలి. పిల్లల్ని నాయనమ్మ, తాతల దగ్గర ఉంచే వీలు లేకపోతే, సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టల్ కోసం ఎంఈవోను అడగాలి. ఆడపిల్లలకు ఆరో తరగతి నుంచి కేజీబీవీలు ఉన్నాయి.

- వెళ్లక తప్పదంటే టీసీ ఆపొద్దు. 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 5 ప్రకారం హెచ్ఎం వెంటనే ఇవ్వాలి. ఆలస్యం చేస్తే క్రమశిక్షణ చర్యలు తప్పవు. టీసీ లేదని కొత్త బడి వాళ్లు కూడా అడ్మిషన్ నిరాకరించకూడదు.

- మధ్యలో మానేసి తిరిగొస్తే సెక్షన్ 4 కింద వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి.

అసలు చిక్కు ఎనిమిదో తరగతి తర్వాతే. ఈ చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకే వర్తిస్తుంది. తొమ్మిది, పది తరగతుల్లో ఆపేది చట్టం కాదు, హెచ్ఎం చొరవే. ఆడపిల్లకు పెళ్లి చేస్తున్నారని తెలిస్తే ఆగకుండా 1098కు కాల్ చేయాలి.