లేని పాము ఎలా కనిపించింది?

చీకటి పడ్డాక పెరట్లోకి వెళ్తే గోడ వారగా పాము. గుండె ఝల్లుమంటుంది, కాలు వెనక్కి పడుతుంది. టార్చి వేసి చూస్తే తాడు. "ఓస్, తాడేనా!" అనుకుని లోపలికొచ్చేస్తాం. మన తత్వవేత్తలు మాత్రం ఆ పెరట్లోనే శతాబ్దాల పాటు నిలబడిపోయారు. ఎందుకు?

అక్కడ పాము లేదు. లేనిది కంటికి ఎలా కనిపించింది? కనిపించింది తాడే అందామంటే, తాడును చూసి ఎవరు బెదురుతారు? అంటే బయటి వస్తువుకూ మన భయానికీ నడుమ మనసు ఏదో చేసింది. అదేమిటన్నదే తగవు.

నైయాయికులు, అంటే న్యాయదర్శనం వారు, ఇలా చెప్పారు. మసక వెలుతురులో కంటికి అందింది పొడవూ మెలికా మాత్రమే. ఆ పోలిక పాత జ్ఞాపకాన్ని తట్టిలేపింది. ఎప్పుడో ఎక్కడో చూసిన నిజం పామును మనసు ఈ తాడుకు అంటగట్టింది. దీని పేరు అన్యథాఖ్యాతి, ఒకటి మరొకటిగా తోచడం. 17వ శతాబ్దంలో తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు (తెలుగువాడని పండితుల మాట) ముత్యపుచిప్పను చూసి వెండి అనుకోవడాన్ని ఉదాహరణగా ఇచ్చాడు. మనసు ఆపాదించిన గుణం ఆ వస్తువులో ఉంటే జ్ఞానం సరైనది, లేకుంటే కాదు. ఇంత సూటిగా చెప్పడం చూస్తే నాకు ఆయన మీద గౌరవం పెరుగుతుంది.

ప్రాభాకర మీమాంసకులనే మరో వర్గం వారు దీనికి ఒప్పుకోలేదు. తప్పుడు జ్ఞానమనేదే లేదన్నారు. "ఇది" అని చూడటం నిజమే, "పాము" అని గుర్తుకు రావడమూ నిజమే. ఆ రెండూ వేరని గమనించకపోవడమే జరిగిందట. ముచ్చటైన వాదం. కానీ ఎదుటిపక్షం వేసిన ప్రశ్న దగ్గర అది తడబడుతుందని నా అభిప్రాయం. తేడా తెలియనంత మాత్రాన మనిషి ఎగిరి గంతేస్తాడా? "ఇదే పాము" అని ఒక్క దెబ్బన తోచబట్టే గదా కాలు వెనక్కి పడింది!

అద్వైతులు ఆ పామును అనిర్వచనీయం అన్నారు. వెలుగు పడగానే పోయింది కాబట్టి ఉన్నదనలేం. కంటికి కనిపించింది కాబట్టి కుందేటికొమ్ములా బొత్తిగా లేనిదీ అనలేం. వాళ్లు గమనించిన ఇంకో సంగతి నాకు మరీ ఇష్టం. టార్చి వేస్తే పాము పోతుంది. మందారం పక్కన పెట్టిన స్ఫటికం మాత్రం, అది తెల్లనిదని తెలిసినా ఎర్రగానే కనిపిస్తుంది. పువ్వును తీసేదాకా అంతే. నీళ్ల గ్లాసులో చెంచా వంకర కూడా అలాంటిదే. కంటికి తోచేదాన్ని బుద్ధి అన్నిసార్లూ దిద్దలేదు. 1889లో జర్మనీలో ముల్లర్-లయర్ గీసిన బాణపు కొనల గీతలదీ ఇదే కథ. స్కేలు పెట్టి కొలిచి రెండూ సమానమని తేల్చుకున్నాక కూడా ఒకటి పొడుగ్గానే కనిపిస్తుంది.

మరి పొరపాటు పడనప్పుడు మనసు ఊరకుంటుందా? తెల్లకాగితం మీద 7 సెంటీమీటర్ల ఎడంతో ఎడమవైపు ఒక కూడిక గుర్తు, కుడివైపు ఒక నల్లచుక్క పెట్టండి. ఎడమకన్ను మూసి, కుడికంటితో ఆ గుర్తునే చూస్తూ కాగితాన్ని మెల్లగా దగ్గరికి తీసుకురండి. దాదాపు 25 సెంటీమీటర్ల దగ్గర చుక్క మాయమవుతుంది. అప్పుడు చుక్క బొమ్మ కంటిలో పడేది కంటినరం వెనక్కి వెళ్లే చోట. ఆ చోట చూపు లేదు. అయినా అక్కడ గుంట కనిపించదు. తెల్లకాగితమే కనిపిస్తుంది.