ఇరవయ్యో నంబరు బండి

షికాగో చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లకు అరోరా అంటే వెంకటేశ్వరస్వామి గుడి ఉన్న ఊరు. ఇప్పుడు ఎక్కువమంది అక్కడికి కార్లలోనే వెళుతున్నారు. వందేళ్ల కిందట షికాగో నడిబొడ్డున కరెంటు రైలెక్కితే నేరుగా ఆ ఊళ్లో దిగిపోయేవాళ్లు. ఊరికీ ఊరికీ మధ్య తిరిగే ఇలాంటి రైళ్లను ఇంటర్‌అర్బన్లు అనేవారు. వీధుల్లో తిరిగే ట్రాముకూ, ఆవిరి ఇంజను లాగే రైలుకూ మధ్యరకం బండి అది.

అరోరా, ఎల్గిన్ అండ్ షికాగో రైల్వే 1902 ఆగస్టులో మొదలైంది. తర్వాత దాని పేరు షికాగో, అరోరా అండ్ ఎల్గిన్‌గా మారింది. దానికోసం ఒహాయో రాష్ట్రంలోని నైల్స్ కంపెనీ అదే ఏడాది తయారుచేసిన చెక్క పెట్టెల్లో ఒకదాని నంబరు 20. ఈ కథ దానిదే.

ఆవిరి ఇంజను తన బొగ్గును తానే మోసుకుపోతుంది. ఇరవయ్యో నంబరుకు ఆ బరువు లేదు. దాని బొగ్గు ఫాక్స్ నది ఒడ్డున, బటేవియా పవర్‌హౌస్‌లో కాలేది. అక్కడ పుట్టిన ఏసీ కరెంటు హైటెన్షన్ తీగల మీద సబ్‌స్టేషన్లకు చేరేది. రోటరీ కన్వర్టర్లనే తిరిగే యంత్రాలు దాన్ని 600 వోల్టుల డీసీగా మార్చేవి. ఆ కరెంటును పట్టాల పక్కనే వేసిన మూడో పట్టాలోకి పంపేవారు. బండి పక్కనుంచి బయటికి చాచిన ‘షూ’ అనే ఇనప పలక దానిమీద రాసుకుంటూ కరెంటు అందుకునేది. మోటార్లను తిప్పిన కరెంటు చక్రాల గుండా మామూలు పట్టాల్లోకి దిగి సబ్‌స్టేషన్‌కు తిరిగొచ్చేది. అంటే మొత్తం రైల్వే ఒకే విద్యుత్ వలయం. అందులో కదిలే ముక్క ఈ బండి.

రోడ్డు అడ్డొచ్చిన చోట మనుషులూ గుర్రాలూ తొక్కకుండా మూడో పట్టాను ఆపేసేవారు. కరెంటు మాత్రం నేల కింది కేబుల్ గుండా అవతలికి దాటేది. ఆ ఖాళీలో బండి ఊపుమీదే సాగాలి. అవతలి పట్టాను షూ తాకేసరికి ఓ మెరుపు మెరిసి మోటార్లు మళ్లీ అందుకునేవి. బండి నడిపే మోటర్‌మన్ తన చేతిలోని కంట్రోలర్ పిడిని ఒక్కో మెట్టే తిప్పాలి. మొదట మోటార్లు సిరీస్‌లో, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా కలిపి, అడ్డుగా రెసిస్టర్లతో కదులుతాయి. రెసిస్టర్లు ఒక్కొక్కటే తప్పుకున్నాక మోటార్లు పేరలల్‌లోకి మారి వేగం అందుకుంటాయి. ముందు పెట్టెలో ఉన్న ఒక్క మోటర్‌మనే వెనకనున్న పెట్టెల మోటార్లనూ నడిపే పద్ధతిని ఫ్రాంక్ స్ప్రేగ్ 1897లో షికాగోలోనే నిరూపించాడు. దానితో ప్రతి పెట్టే తనకు తానే ఇంజను అయింది.

ఈ వలయం ఒక రోడ్డు కోసం తెగింది. ఎక్స్‌ప్రెస్‌వే కట్టడానికని 1953లో ఈ రైళ్లను నగరం బయటే ఆపేశారు. అక్కడ దిగి మరో రైలెక్కాలంటే విసుగొచ్చి, జనం చాలామంది కార్లవైపు మళ్లారు. 1957 జూలై 3 మధ్యాహ్నం ప్రయాణికుల రైళ్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. పొద్దున అదే రైల్లో ఉద్యోగానికి వెళ్లినవాళ్లకు సాయంత్రం ఇంటికి తీసుకెళ్లే బండి లేదు. 1959లో సరుకు రైళ్లు కూడా పోయాయి.

మిగిలిన ముక్కల్ని కాపాడింది స్థానికులే. 1963లో మే థీల్‌గార్డ్ వాట్స్ అనే ప్రకృతి శాస్త్రవేత్త, ఖాళీగా పడివున్న ఆ రైలుదారిని నడకబాటగా ఉంచుదామని ‘షికాగో ట్రిబ్యూన్’కు ఉత్తరం రాసింది. అదే ఇల్లినాయ్ ప్రెయరీ పాత్ అయింది. పాత రైలుదారిని ప్రజల బాటగా మార్చే ఉద్యమానికి అమెరికాలో తొలి ఉదాహరణల్లో అదొకటి. విల్లా పార్క్‌లో పాత స్టేషన్ ఆ ఊరి చరిత్ర మ్యూజియంగా నిలబడింది. ఇరవయ్యో నంబరు సౌత్ ఎల్గిన్‌లోని ఫాక్స్ రివర్ ట్రాలీ మ్యూజియానికి చేరింది. 1896లో నది వెంట వేసిన మరో కరెంటు లైనులో మిగిలిన ముక్క అక్కడి దారి.

చెక్క బండిని కాపాడటం తేలిక కాదు. కప్పు మీది కాన్వాస్ చిరిగితే నీళ్లు దిగి చెక్క పుచ్చిపోతుంది. మోటారు చుట్టల ఇన్సులేషన్‌కు చెమ్మ తగలకూడదు. విడిభాగాలు బజారులో దొరకవు, చేయించుకోవాలి. మ్యూజియం లైనులో మూడో పట్టా లేదు, పైన తీగ ఉంది. బండి కప్పుమీది కర్రను తీగకు ఆనించగానే తెగిన వలయం మళ్లీ కలుస్తుంది. గేర్ల మూలుగు కింది నేలలోంచి కాళ్లకు తెలుస్తుంది. అద్దాల పెట్టెలో పెట్టిన వస్తువు ఆ మూలుగు వినిపించలేదు. అందుకే నడిపించి కాపాడాలంటాను.

నడిచే బండి కూడా చెప్పలేనిది ఒకటుంది. ఆ జూలై 3 సాయంత్రం స్టేషన్‌లో నిలబడ్డవాళ్ల మనసులో ఏముంది? అప్పటి పసిపిల్లలకే ఇప్పుడు అరవై దాటి చాలాకాలమైంది. వాళ్ల ఇళ్లలోని పాత టికెట్లు, టైంటేబుళ్లు, ఫొటోలు, వాటి వెనక రాసుకున్న పేర్లు ఇప్పుడే సేకరించాలి. చెక్క పుచ్చితే కొత్త పలక చెక్కించవచ్చు. ఆ మాటలు పోతే మళ్లీ చేయించలేం.