ఇనుప గాదెలను శుభ్రపఱచుటలో తీసికొనవలసిన జాగ్రత్తలు

ధాన్యము నిలువచేయుట మన రైతులకు క్రొత్త విద్య కాదు. కోస్తా జిల్లాలలో గడ్డిమోకులతో చుట్టిన పురులును, తెలంగాణమున వెదురుతో అల్లి పేడ పూసిన గుమ్ములును, జొన్న పండెడు మెట్టసీమలలో నేలను త్రవ్విన పాతరలును తరతరములుగా నున్నవే. వీనికి తోడు సైలో యనబడు ఇనుప గాదె యిప్పుడు మన ప్రాంతములకు వచ్చినది. మొక్కజొన్నను కొనెడు దాణా కార్ఖానాలలోను, పెద్ద బియ్యపు మిల్లులలోను దీనిని మన సభ్యులు చూచియే యుందురు. దానిని కట్టు విధమును, అగు ఖర్చును అమ్మువారే విపులముగా చెప్పుదురు. శుభ్రపఱచుటకై లోనికి దిగిన మనుష్యుడు మరల క్షేమముగా పైకి వచ్చు ఉపాయమును మాత్రము అంత విపులముగా చెప్పరు. కావున ఆ సంగతినే యిక్కడ వ్రాయుచున్నాము.

పాతర తీయు దినమున మన పెద్దలు చేయు పనిని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. మూత తీసినవెంటనే ఎవ్వరిని దిగనీయరు. కొంతకాలము తెఱచియుంచి, పిదప త్రాటికి దీపము కట్టి దింపుదురు. దీపమారెనా, ఆ పూట పాతరజోలికి పోరు. దీనికి కారణమేమనగా, గింజ యెండినను చచ్చినది కాదు. అది ప్రాణవాయువును పీల్చి బొగ్గుపులుసు వాయువును విడుచును. తడి గింజయు, బూజు పట్టిన గింజయు మఱింత వేగముగా విడుచును. ఈ వాయువు గాలికంటె ఇంచుమించు ఒకటిన్నర రెట్లు బరువైనది గాన అడుగున మడుగు గట్టి నిలుచును. మనము పీల్చు గాలిలో నూటికి 21 పాళ్ళు ప్రాణవాయువుండవలెను. 19.5 పాళ్ళకు తగ్గిన చోట పని చేయరాదని నిపుణులు నిర్ణయించిరి. మిక్కిలి తగ్గినచోట మనుష్యుడు కేక వేయుటకైనను వ్యవధి లేక కూలిపోవును.

పాతరకు చాలిన దీపపు పరీక్ష సైలోకు చాలదు. చాలకపోవుటయే కాదు, అపాయకరము కూడ. దీనికి రెండు హేతువులు గలవు. మొదటిది, పురుగు చచ్చుటకై మనము వేయు అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు. గాలిలోని తేమ తగిలినంతనే వీనినుండి ఫాస్ఫీన్ అను విషవాయువు పుట్టును. పది లక్షల పాళ్ళ గాలిలో 0.3 పాలునకు మించియున్నచో అందు దినమంతయు పని చేయరాదు. అంత కొంచెము విషమును దీపమెట్లు కనిపెట్టును? అది చక్కగా వెలుగుచునే యుండును, మనుష్యుడు మాత్రము పడిపోవును. వెల్లుల్లి వాసన వచ్చినచో జాగ్రత్తపడుదుమని కొందఱందురు. ముక్కును నమ్ముకొనుట మంచిది కాదు. వాసన తెలియకున్నను అపాయముండవచ్చును.

రెండవ హేతువు ధూళి. ధాన్యపు నుసి గాలిలో దట్టముగా లేచినప్పుడు నిప్పురవ్వ తగిలెనా, తుపాకి మందువలె ప్రేలును. అమెరికాలో లూసియానా రాష్ట్రపు వెస్ట్‌వేగో పట్టణమున 1977 డిసెంబరు 22న ధాన్యపు గాదెలు ఇట్లు ప్రేలి 36 మంది మరణించిరి. ఫ్రాన్సు దేశమందలి బ్లే అనుచోట 1997 ఆగస్టు 20న 11 మంది పోయిరి. అమెరికా ప్రభుత్వము 1987లో చేసిన నిబంధనలలో, ప్రమాదము హెచ్చుగా గల చోట్ల ధూళి అంగుళములో ఎనిమిదవ వంతు మందమునకు మించరాదని విధించిరి. అనగా మన వాకిటి అరుగుమీద ఎండకాలపు గాలికి పట్టు దుమ్ముపాటి! కాబట్టి సైలోవద్ద బీడీ, అగ్గిపెట్టె, లాంతరు, మూతలేని విద్యుద్దీపము ఉండరాదు. ధూళిని గాలిగొట్టముతో ఊదరాదు. మెత్తని చీపురుతో మెల్లగా ఊడ్చి గోనెలకెత్తవలెను. గోడలు గోకుటకు ఇనుప పారకంటె కఱ్ఱ పలక మేలు.

ఇక మూడవ అపాయము ధాన్యమే. అడుగు తూము తెఱచి ధాన్యము తీయునప్పుడు నడుమ సుడి యేర్పడును. పైన నిలిచిన మనుష్యుడు నాలుగైదు సెకండులలో కాళ్ళు తీసికొనలేని స్థితికి వచ్చును. ఇరువది సెకండులలో తలవఱకు మునిగిపోవును. ఈత వచ్చినవానికిని ఇందు ఈత రాదు. ఒక్కొక్కప్పుడు పైపొర తడిసి అట్టగట్టి, అడుగున ధాన్యము జారిపోగా నడుమ డొల్లయగును. చూచుటకు నిండుగా నున్నట్లే యుండును. నడచినవాడు పెంకు విఱిగి లోనికి పోవును. గోడకు నిలువుగా అంటుకొన్న ధాన్యపు గుట్టయు అట్టిదే. క్రింద నిలిచి పొడిచినచో పొడిచినవానిమీదనే కూలును. ఇట్టి వానిని పై ద్వారమునుండి పొడవైన గడతో మాత్రమే విఱుగగొట్టవలెను.

మా అభిప్రాయమేమనగా, లోనికి దిగకుండ జరుగు పనికి ఎన్నడును దిగరాదు. పొడవైన చీపుళ్ళతోను, గడలతోను, బయటినుండియే ముప్పాతిక పని యగును. తప్పక దిగవలసివచ్చినప్పుడు, ముందుగా తూము మోటారును నిలిపి, మీటకు తాళము వేసి, ఆ తాళపుచెవిని దిగువాని వద్దనే యుంచవలెను. మేస్త్రి వద్ద కాదు, గుమాస్తా వద్ద కాదు. పై ద్వారమును అడుగు ద్వారమును తెఱచి, పంకా పెట్టి గాలి ఆడనీయవలెను. పిదప వాయువులను కొలుచు యంత్రమును త్రాటితో దింపి, పైన, నడుమ, అడుగున మూడుచోట్ల చూడవలెను. దిగువానికి భుజములకును తొడలకును బిగించు పట్టెడ కట్టి, దాని త్రాడు బయటివాని చేతనుండవలెను. 1948 నాటి కార్ఖానాల చట్టము 36వ విభాగమందే ఇట్టి త్రాడును, దాని కొనను బయట పట్టుకొనువానిని విధించిరి. బయటివాడు దాహమునకైనను కదలరాదు. ద్వారము ఇఱుకుగా నున్నదని సన్నని పిల్లవానిని దింపు వాడుకను సంఘములు పూర్తిగా మాన్పింపవలెను. మన సంఘమునకు పనిచేయ వచ్చిన కూలివానికి పైన చెప్పిన సంగతులేవియు తెలియవు. తెలిసిన మనమే పూచీ వహింపవలెను.

ఇట్టి చావులలో మిక్కిలి శోచనీయమైనది రెండవవాని చావు. లోన తమ్ముడు పడియుండగా అన్న చూచుచు నిలువలేడు, దుముకును. అతనికై మఱియొకడు దుముకును. ఒకరికై మువ్వురు పోవుటకు ఇదియే కారణము. పడినవానిని త్రాటితో పైకి లాగవలెను గాని, గాలిమూసిక సామగ్రి లేనివాడు దిగరాదు. త్రాడు కట్టకుండ దింపినచో తరువాత లాగుటకేమున్నది? ధాన్యములో నడుమువఱకు కూరుకొన్నవానిని మాత్రము లాగరాదు. ధాన్యము బిగబట్టియుండును, వెన్ను చెడును. యంత్రము నిలిపి, 101కి ఫోను చేసి, అతనిచుట్టు రేకులుగాని పలకలుగాని దిగ్గొట్టి, ఆ చట్రము లోపలి ధాన్యమునే తోడివేయవలెను. ధాన్యము ఛాతికి చేరకుండ కాపాడినచో ఊపిరాడుచుండును.

అసలు అట్టగట్టకుండ చూచుకొన్నచో ఈ తిప్పలు చాలవఱకు తప్పును. వడ్లను నూటికి 14 పాళ్ళకు మించిన తేమతో నింపరాదు. పగలు ఇనుము కాగి రాత్రి చల్లబడుటచే లోని ఆవిరి పైకప్పు క్రింద చెమ్మగా దిగి పైపొరను తడుపును. పంకాతో అప్పుడప్పుడు చల్లగాలి పోనిచ్చినచో ఇది తగ్గును. వానలకు ముందు కప్పు మరమేకులను, తలుపుల రబ్బరు అంచులను చూడవలెను. క్రొత్త పంట నింపకముందు మూలలలో మిగిలిన పాత గింజలను తుదముట్ట తీసివేయవలెను. ముక్కపురుగును నుసిపురుగును అక్కడనే కాచుకొనియుండును.

బిళ్ళలు వేయు పని తర్ఫీదు పొందినవారిదే. వారు వేసిన తేదీని, గాలి పరీక్షించి తెఱచిన తేదీని ఒక పలకపై తెలుగున పెద్ద అక్షరములతో వ్రాయించి, చదువురానివారికై ఎఱ్ఱ పుఱ్ఱె గుఱుతు వేయించి, అడుగు తలుపునకును పైనిచ్చెన మొదటికిని రెండుచోట్ల కట్టవలెను. ఒక్కచోటనే కట్టినచో రెండవ దారిన పోవువాడు చూడడు.