వ్యాపారానికి ఏ ఇంటర్నెట్ లైన్ మంచిది? సంతకం పెట్టే ముందు చూడాల్సినవి

ఇంటికి 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ నెలకు వేయి రూపాయల లోపే దొరుకుతోంది. అదే 100 ఎంబీపీఎస్‌ను ఆఫీసుకు ‘లీజ్డ్ లైన్’గా అడిగితే కంపెనీ ప్రతినిధి దానికి ఎన్నో రెట్లు ఎక్కువ ధర చెబుతాడు. రెండూ ఫైబర్ మీదే వస్తాయి. చివర్లో కంప్యూటర్‌కు పెట్టే ఈథర్నెట్ కేబుల్ కూడా ఒకటే. మరి అంత తేడా ఎందుకు?

ఈ ప్రశ్నకు జవాబు తెలియక నష్టపోయేవాళ్లు రెండు రకాలు. చిన్న దుకాణానికి అక్కర్లేని ఖరీదైన లైన్ తీసుకుని ఏళ్ల తరబడి ఒప్పందంలో ఇరుక్కునేవాళ్లు కొందరు. క్లినిక్‌నో, ఆన్‌లైన్ పరీక్షల కేంద్రాన్నో ఇంటి కనెక్షన్ మీద నడిపి, లైన్ పోయిన రోజు తల పట్టుకునేవాళ్లు ఇంకొందరు.

ఈథర్నెట్ అంటే

కంప్యూటర్లు ఒకదానితో ఒకటి సమాచారం పంచుకునే పద్ధతి ఇది. 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో పుట్టింది. మొదట్లో ఒకే భవనంలోని కంప్యూటర్లను కలపడానికి వాడేవారు. తర్వాత టెలికాం కంపెనీలు ఇదే పద్ధతిని ఫైబర్ మీద ఊరంతా, దేశమంతా తీసుకెళ్లాయి. అందుకే ఇప్పుడు కంపెనీ ఇచ్చే లైన్‌ను ఆఫీసులోని రౌటర్‌కు నేరుగా పెట్టేయొచ్చు. వ్యాపారాలకు ఇది ముఖ్యంగా నాలుగు రూపాల్లో దొరుకుతుంది.

1. బిజినెస్ బ్రాడ్‌బ్యాండ్

ఇళ్లకు వచ్చే ఫైబర్ లాంటిదే. ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో ఒక ఫైబర్‌లో డౌన్‌లోడ్‌కు సుమారు 2.5 జీబీపీఎస్, అప్‌లోడ్‌కు 1.25 జీబీపీఎస్ సామర్థ్యం ఉంటుంది. దాన్ని స్ప్లిటర్ పెట్టి సాధారణంగా 32 లేదా 64 కనెక్షన్లకు పంచుతారు. అందరూ ఒకేసారి వాడరు కాబట్టి మామూలు రోజుల్లో ఇబ్బంది తెలియదు. సాయంత్రం గల్లీ అంతా వీడియోలు చూసే వేళకు స్పీడు తగ్గొచ్చు. ‘100 ఎంబీపీఎస్ వరకు’ అనే మాటలో ‘వరకు’ అన్నదే అసలు విషయం.

బిల్లింగ్, వాట్సాప్ ఆర్డర్లు, జీఎస్టీ రిటర్నులు, టికెట్ బుకింగ్ లాంటి పనులకు ఇది చాలు.

2. ఇంటర్నెట్ లీజ్డ్ లైన్

ఇందులో కొన్న స్పీడు పూర్తిగా ఆ ఆఫీసుదే, ఎవరితోనూ పంచుకోరు. డౌన్‌లోడ్ ఎంతో అప్‌లోడ్ కూడా అంతే. 1 జీబీ ఫైలు పంపడానికి 100 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌తో సుమారు 80 సెకన్లు పడితే, 10 ఎంబీపీఎస్‌తో 13 నిమిషాలు దాటుతుంది. స్కానింగ్ సెంటర్లు, వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లు, విదేశీ క్లయింట్లతో రోజంతా కాల్స్ మాట్లాడే ఆఫీసులు ఈ తేడా చూసుకోవాలి.

లీజ్డ్ లైన్‌తో సాధారణంగా స్టాటిక్ ఐపీ కూడా వస్తుంది. ఆఫీసులోని సర్వర్‌ను బయటి నుంచి నేరుగా తెరవాలంటే ఇది కావాలి. అయితే ఈ ఒక్క అవసరం కోసమే లీజ్డ్ లైన్ అక్కర్లేదు. చాలా కంపెనీలు బ్రాడ్‌బ్యాండ్ మీద కూడా అదనపు చార్జీకి స్టాటిక్ ఐపీ ఇస్తాయి.

3. బ్రాంచీలను కలిపే లైన్

హైదరాబాద్‌లో షోరూమ్, కర్నూలులో గోదాము ఉన్నాయనుకుందాం. రెండింటినీ ఒకే నెట్‌వర్క్‌లా కలిపేది పాయింట్ టు పాయింట్ ఈథర్నెట్ లైన్. మూడు, నాలుగు బ్రాంచీలుంటే అన్నిటినీ కలిపే ఏర్పాట్లు కూడా ఉన్నాయి. ఈ సమాచారం బయటి ఇంటర్నెట్‌లోకి వెళ్లకుండా కంపెనీ నెట్‌వర్క్‌లోనే నడుస్తుంది. కానీ స్టాకు లెక్కలు మాత్రమే చూసుకునే చిన్న వ్యాపారానికి ఇంత అవసరం ఉండదు. రెండు చోట్లా బ్రాడ్‌బ్యాండ్ పెట్టి, రౌటర్లలో వీపీఎన్ సెట్ చేసుకుంటే చాలా తక్కువ ఖర్చుతో పని అయిపోతుంది.

4. తీగ లేని కనెక్షన్

ఇరుకు గల్లీల్లో, పాత భవనాల్లో కొన్నిచోట్ల ఫైబర్ లాగడం కష్టం. అలాంటి చోట డాబా మీద రేడియో పెట్టి లైన్ ఇస్తారు, లేదా 5జీ మీద నడిచే ఎయిర్‌ఫైబర్ ఇస్తారు. జియో ఎయిర్‌ఫైబర్ 2023 సెప్టెంబరులో మొదలైన ఎనిమిది నగరాల్లో హైదరాబాద్ కూడా ఒకటి. తవ్వకాల్లో కేబుల్ తెగే బాధ చివరి దూరంలో ఉండదు కాబట్టి రెండో లైన్‌గా ఇది బాగా పనికొస్తుంది.

ధరలో తేడా దేనికి?

లీజ్డ్ లైన్‌కు ఎక్కువ డబ్బు కట్టేది స్పీడు కోసమే కాదు, రాతపూర్వక హామీ కోసం. దాన్ని ఎస్ఎల్ఏ అంటారు. లైన్ ఎంత శాతం సమయం పనిచేయాలో, పాడైతే ఎన్ని గంటల్లో బాగుచేయాలో అందులో ఉంటుంది.

ఈ శాతాలను గంటల్లోకి మార్చి చూడాలి. 30 రోజుల నెలకు 720 గంటలు. 99 శాతం హామీ అంటే నెలకు 7 గంటల 12 నిమిషాలు లైన్ పోయినా కంపెనీ మాట తప్పినట్టు కాదు. 99.5 శాతం అయితే 3 గంటల 36 నిమిషాలు, 99.9 శాతం అయితే సుమారు 43 నిమిషాలు. చూడ్డానికి చిన్న తేడా, పరీక్ష జరుగుతున్న సెంటర్‌కు మాత్రం చాలా పెద్దది.

సంతకానికి ముందు అడగాల్సినవి

- హామీ నెల లెక్కనా, ఏడాది లెక్కనా? ముందే చెప్పి చేసే మరమ్మతుల సమయాన్ని అందులోంచి తీసేస్తారా?
- హామీ తప్పితే బిల్లులో ఎంత తగ్గిస్తారు? అది దానంతటదే జరుగుతుందా, మనమే దరఖాస్తు పెట్టుకోవాలా?
- ఒప్పందం ఎన్నేళ్లు? మధ్యలో దుకాణం మారినా, మూసేసినా ఎంత కట్టాలి?
- ఫైబర్ లాగడానికి, పరికరాలకు విడిగా ఎంత?
- చెప్పిన ధరలో 18 శాతం జీఎస్టీ కలిసి ఉందా? రెగ్యులర్ జీఎస్టీ కింద ఉన్న వ్యాపారం తన నంబరును బిల్లు మీద వేయించుకుంటే ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు. కాంపోజిషన్ స్కీమ్‌లో ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు.

రెండు కంపెనీల లైన్లు తీసుకునేవాళ్లు మరో మాట గుర్తుంచుకోవాలి. రెండు కేబుళ్లూ ఒకే స్తంభం మీద నుంచి, ఒకే వీధిలో వస్తే ఒక్క జేసీబీ దెబ్బకు రెండూ పోతాయి. దారులు వేరుగా ఉంటేనే రెండో లైన్ అక్కరకొస్తుంది.

చివరికి తేల్చుకోవడానికి ఒక్క లెక్క చాలు: గంటసేపు నెట్ లేకపోతే వ్యాపారానికి ఎంత నష్టం? అది కొన్ని వందలే అయితే ఒక బ్రాడ్‌బ్యాండ్, తోడుగా మొబైల్ హాట్‌స్పాట్ సరిపోతాయి. కొన్ని వేలైతే వేర్వేరు దారుల్లో రెండు బ్రాడ్‌బ్యాండ్ లైన్లు పెట్టుకోవడం మేలు. రోగి రిపోర్టో, విద్యార్థి పరీక్షో, క్లయింట్ ఒప్పందమో ఆ గంట మీదే ఆధారపడి ఉంటే అప్పుడు లీజ్డ్ లైన్‌కు పెట్టే డబ్బు వృథా కాదు.