నొప్పి బిళ్ళ వెంట చీటీ కూడా పోవాల

రాయచోటి నుంచి గల్ఫ్‌కు బయలుదేరేవాళ్ల సూట్‌కేసులో చింతపండు, ఊరగాయ, పప్పుల పొడి ఉంటాయి. వాటి సందున ఒక మందుల కవరూ ఉంటుంది. నడుముకో, మోకాళ్లకో డాక్టరు రాసిచ్చిన బిళ్ళలవి. పది బిళ్ళల స్ట్రిప్పులో నాలుగే అడిగితే షాపులో కత్తెరతో కత్తిరించి ఇస్తారు. చాలాసార్లు మందు పేరున్న ముక్క అక్కడే ఉండిపోతుంది. అవతల ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ అధికారి చేతికి చిక్కేది పేరు లేని తెల్ల బిళ్ళ!

అది ట్రమడాల్ అయితే చిక్కే. మన దేశంలో 2014 నుంచి అది షెడ్యూల్ హెచ్1 మందు. అమ్మిన షాపు రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. 2018 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని మాదకద్రవ్యాల చట్టం కిందికీ తెచ్చింది. యూఏఈకి తీసుకెళ్లాలంటే అక్కడి ప్రభుత్వ అనుమతి ముందే తీసుకోవాలి. నరాల నొప్పికి వాడే ప్రెగాబలిన్‌కూ గల్ఫ్‌లో ఆంక్షలున్నాయి. 2017లో ఈజిప్టుకు 290 ట్రమడాల్ మాత్రలు పట్టుకెళ్లిన ఒక బ్రిటన్ మహిళకు మూడేళ్ల జైలు పడింది. తన సన్నిహితుడి నడుము నొప్పి కోసమే తెచ్చానని ఆమె చెప్పుకున్నా శిక్ష తప్పలేదు.

మత్తుమందు వాడారేమోనని చేసే మూత్ర పరీక్ష సంగతి వేరు. మామూలు ఓపియేట్ (నల్లమందు జాతి) పరీక్ష స్ట్రిప్పు ప్రధానంగా పట్టేది మార్ఫిన్, కోడీన్‌లనే. కోడీన్ ఉన్న దగ్గు సిరప్పు తాగితే అందులో కొంత కాలేయంలో మార్ఫిన్‌గా మారుతుంది, పరీక్షలో రెండూ కనబడతాయి. ట్రమడాల్ నిర్మాణం వేరు కాబట్టి సాధారణంగా ఆ స్ట్రిప్పుకు చిక్కదు, దానికి విడిగా పరీక్ష చేయాలి. పారాసెటమాల్, డైక్లోఫెనాక్ మత్తుమందులు కావు. ఐబూప్రొఫెన్ మాత్రం అరుదుగా కొన్ని కిట్లలో గంజాయి అన్నట్టు తప్పుడు ఫలితం చూపిన సందర్భాలున్నాయి. అందుకే మొదటి స్ట్రిప్పునే తీర్పుగా తీసుకోవడం అన్యాయం. మాస్ స్పెక్ట్రోమెట్రీ యంత్రం మీద రెండోసారి చూస్తేనే ఏ మందు, ఎంత అన్నది తేలుతుంది. ఆ యంత్రమైనా మందు ఎందుకు వేసుకున్నారో చెప్పలేదు. అది చెప్పగలిగేది డాక్టరు చీటీ ఒక్కటే.

మాంసం కూరలో మనం నూరి వేసే గసగసాలూ ఇదే దారిలో ఇరికిస్తాయి. గింజలకు అంటుకున్న మార్ఫిన్ మూత్రంలోకి దిగుతుంది. ఈ తంటా వల్లే అమెరికా ప్రభుత్వం 1998లో ఉద్యోగుల పరీక్షల హద్దును మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల నుంచి 2000కు పెంచింది. యూఏఈ, సౌదీల్లోనైతే గసగసాలు తీసుకెళ్లడమే నిషిద్ధం.

ఆటగాళ్లకూ ఈ మందుల బాధ ఉంది. ట్రమడాల్ వాడినందుకే 2022 టూర్ డి ఫ్రాన్స్‌లో కొలంబియా సైక్లిస్టు నైరో క్వింటానా ఫలితాన్ని రద్దు చేశారు. 2024 జనవరి 1 నుంచి ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ పోటీల సమయంలో అన్ని క్రీడల్లోనూ దాన్ని నిషేధించింది.

పొట్టకూటికి పోయేవాడి తప్పు ఇందులో ఏమీ లేదు. వాడికి ముందే చెప్పేవాళ్లు లేకపోవడమే అసలు లోపం. ఊరికి పోయే ముందు డాక్టరును అడగండి: ‘‘అక్కడ ఈ మందుకు అనుమతి ఉందా, లేకుంటే వేరేది రాస్తారా?’’ చీటీ ఇంగ్లిషులో, పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే రాయించుకోండి. స్ట్రిప్పు కత్తిరించనీయొద్దు. పక్కింటివాళ్లు తమవాళ్లకు ఇమ్మని అందించే మందుల పొట్లం మాత్రం, ఎంత మొహమాటమైనా, తీసుకోవద్దు.