పరిశోధకులకు కంప్యూటర్ పద్దు

పాల పద్దులో ఒక్క అంకె తారుమారైతే నెలాఖరున ఎంత గొడవో మనకు తెలుసు. పరిశోధన చేసే అమ్మాయికి అలా జరిగితే పోయేది పది రూపాయలు కాదు, ఒక పంటకాలం.

జగిత్యాల దగ్గర పొలాసలో వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. 'జగిత్యాల సన్నాలు' అక్కడ పుట్టిన వరి రకమే. సిరిసిల్లలో వ్యవసాయ కళాశాల, కోరుట్లలో పశువైద్య కళాశాల ఉన్నాయి. ఇలాంటి చదువుల్లో పొలంలో, కొట్టంలో తీసిన కొలతలన్నీ చివరికి చేరేది కంప్యూటరులోకే. చిక్కంతా అక్కడే.

మడి నంబరు '3-2' అని కొడితే ఎక్సెల్ దాన్ని తేదీగా మార్చేస్తుంది. దిగుబడి ఉన్న నిలువు వరుసను మాత్రమే హెచ్చుతగ్గులుగా సర్దితే, ఒక రకం తూకం మరో రకం పక్కన చేరుతుంది. 'మార్చ్1' అనే జన్యువు పేరూ ఇలాగే తేదీ అయిపోతుంటే, చివరికి 2020లో అలాంటి జన్యువుల పేర్లే మార్చారు!

1998లో అమెరికాలో గ్రెగ్ విల్సన్, బ్రెంట్ గోర్డా శాస్త్రవేత్తలకు కంప్యూటర్ పాఠాలు మొదలుపెట్టారు. పేరు 'సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ', అంటే వడ్రంగం. మేడ కట్టనక్కరలేదు, ఊడిన తలుపు బిగించుకోవడం వస్తే చాలన్నమాట.

మనమూ చెప్పగల పాఠాలు కొన్ని ఉన్నాయి. అసలు పట్టికను ముట్టకుండా నకలు మీదే లెక్కలు చెయ్యాలి. ఒక గడిలో ఒకే సంగతి రాయాలి. మడి నంబర్ల గడులను ముందే 'టెక్స్ట్'గా పెట్టుకోవాలి. చేసిన ప్రతి మార్పూ తేదీ వేసి రాసుకోవాలి.

మీ ఇంట్లో పరిశోధన చేసే పిల్లలుంటే, "నకలు తీసిపెట్టావా?" అని ఈ రాత్రే అడగండి.