వేరే బ్రాంచ్‌కి వెళ్తే ల్యాప్‌టాప్ లాగిన్ అవ్వట్లేదా..? ముందు టైమ్ చూడండి!

సొంత ఆఫీసులో బాగానే పనిచేసిన పాత ల్యాప్‌టాప్.. వేరే బ్రాంచ్‌కి తీసుకెళ్లగానే మొరాయిస్తుంది. పాస్‌వర్డ్ కరెక్ట్‌గా కొట్టినా లోపలికి రానివ్వదు. పది నిమిషాల్లో మీటింగ్ ఉందన్న కంగారులో చాలామంది అదే పాస్‌వర్డ్‌ని మళ్లీ మళ్లీ కొడతారు. అక్కడే అసలు చిక్కు! కంపెనీ పెట్టిన లిమిట్ దాటితే అకౌంటే లాక్ అయిపోతుంది. అప్పుడు ఫోన్‌లో ఆఫీస్ మెయిల్ కూడా ఆగిపోవచ్చు. అందుకే రెండుసార్లు ట్రై చేసి ఆపేయండి. ఆ తర్వాత ఇవి చెక్ చేసుకోండి.

అసలేం జరుగుతుంది?

ఆఫీసు విండోస్ ల్యాప్‌టాప్‌లో పాస్‌వర్డ్‌ని సరిచూసేది కంపెనీ సర్వరే. దాన్ని డొమైన్ కంట్రోలర్ అంటారు. అది దొరక్కపోతే ల్యాప్‌టాప్ తన దగ్గర దాచుకున్న పాత లాగిన్ వివరాలతో పోల్చుకుంటుంది. మామూలు సెట్టింగ్స్‌లో ఇలా 10 మంది వివరాలు మాత్రమే ఉంటాయి. ఆ ల్యాప్‌టాప్‌లో ఎప్పుడూ లాగిన్ కానివాళ్లు నెట్‌వర్క్ లేకుండా లోపలికి వెళ్లలేరు.

1. టైమ్, తేదీ

సర్వర్ టైమ్‌కి, ల్యాప్‌టాప్ టైమ్‌కి 5 నిమిషాలకు మించి తేడా ఉంటే లాగిన్ ఫెయిల్ కావొచ్చు. పాత ల్యాప్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీదుండే చిన్న బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. టైమ్, తేదీ లాక్ స్క్రీన్ మీదే కనిపిస్తాయి. తేదీ తప్పుగా ఉంటే ఐటీ వాళ్లతో సరిచేయించుకోండి.

2. వైఫై వద్దు, కేబుల్ పెట్టండి

పాత వైఫై కార్డులు కొన్ని 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటాయి. కొత్త డబ్ల్యూపీఏ3 సెక్యూరిటీ కూడా వాటికి రాదు. ల్యాన్ కేబుల్ పెట్టి, ఒక నిమిషం ఆగి అప్పుడు లాగిన్ అవ్వండి. కొన్ని ఆఫీసుల్లో బయటి ల్యాప్‌టాప్‌లకు పోర్టు పనిచేయదు. అక్కడి ఐటీ వాళ్లని ముందే అడగాలి.

3. పాస్‌వర్డ్ ఈమధ్యే మార్చారా?

వేరే కంప్యూటర్‌లో మార్చి ఉంటే ఈ ల్యాప్‌టాప్‌కి ఆ సంగతి తెలియదు. కేబుల్ తీసి, వైఫై ఆపి, పాత పాస్‌వర్డ్‌తో ట్రై చేయండి. లోపలికి వెళ్లాక నెట్‌వర్క్ లేదా వీపీఎన్ కనెక్ట్ చేసి, స్క్రీన్ లాక్ చేసి, కొత్త పాస్‌వర్డ్‌తో తెరవండి.

4. నెట్ వస్తోంది.. సర్వర్ దొరకట్లేదు

గూగుల్ ఓపెన్ అవుతుంది కానీ ఆఫీస్ ఫోల్డర్లు రావు. సొంత ఆఫీసులో చేత్తో పెట్టిన డీఎన్ఎస్ నంబర్లు అలాగే ఉండిపోతే ఇలా జరగొచ్చు. వాటిని ఆటోమేటిక్‌కి మార్చాలి. పాత నంబర్లు ఫొటో తీసుకోండి.. తిరిగి వెళ్లాక కావాలి.

ఈ ఒక్కటి మాత్రం చేయొద్దు!

స్క్రీన్ మీద 'ట్రస్ట్ రిలేషన్‌షిప్' ఫెయిల్ అని వస్తే సర్వర్‌తో ల్యాప్‌టాప్‌కి ఉన్న లింకే తెగిందని అర్థం. వీడియో చూసి డొమైన్ నుంచి తీసేయొద్దు. లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ తెలియకపోతే లోపలికి వెళ్లే దారే ఉండదు. ఐటీ టీమ్‌కి ఫోన్ చేయడమే మంచిది.

ప్రయాణానికి ముందురోజు సొంత ఆఫీసులో కేబుల్ పెట్టి ఒకసారి లాగిన్ అవ్వండి. హెల్ప్‌డెస్క్ నంబర్ ఫోన్‌లో సేవ్ చేసుకోండి. అది ల్యాప్‌టాప్‌లోనే ఉంటే.. అవసరానికి దొరకదు!